రూపాయిమీది కుంకుమ

శనివారము సాయంకాలము షోలాపురములోని పద్మశాలీ పేటలయందు, సాఖర్‌పేట మొదలు అశోక్ చౌకువరకును, సాంచెల, అనగా మరమగ్గముల, చప్పుడు ఒకదాని వెనుక నొకటిగా అణగుచుండగా, వారపు పగారు లెక్కపెట్టుకొను వేళ యగును. అట్టి యొక సాయంకాలమున ఒక చిన్న కార్ఖానా అరుగుపై కూర్చుండి, దుప్పట్లు నేయు నొక వృద్ధుడు తనకు ముట్టిన నోట్లను ఒక్కొక్కటిగా మోకాలిపై పరచి సాపుచేయుచుండుట చూచితిని. వానిలో ఒక యేబది రూపాయల నోటు మూలను ఎఱ్ఱని మరక యుండెను. అది నూలుకు వేసెడి రంగు కాదు, కుంకుమ. ఏ లక్ష్మీపూజనాడో ఏ యింటి పీటపైననో దేవునియెదుట ఒక రాత్రి గడపి, పండుగ వెళ్లిన పిమ్మట కిరాణాకొట్టు మీదుగా చేతులు మారి, తుదకు ఈ పగారులోనికి వచ్చి చేరినది. ముసలాయన దానిని తిరుగవేసి, వెనుకప్రక్కనున్న హంపీ రాతిరథమును వ్రేలితో చూపి, "గిది మన విఠోబా రథమే సారూ" అనెను. ఆయన మాట పొరపాటు కాదు. ఆ రథము హంపీ విఠ్ఠలాలయప్రాంగణమునందలి గరుడమందిరము. ఆ విఠ్ఠలుడు ఈ షోలాపురము జిల్లాలోనే పండరిపురమున ఇటుకపై నిలిచియున్న స్వామి. కృష్ణరాయలు ఆయనను హంపీకి గొనిపోగా భానుదాసను భక్తుడు మరల తెచ్చుకొనెనని ఈ ప్రాంతమున కథ కలదు. భారత ప్రభుత్వము ఆ నోటుపై ముద్రించినది ఒక శిల్పము; ఆ నేతగాడు చదివినది తన దేవుని వాహనము.

ఆ పేటలోనే ఉదయము బడిగంట మ్రోగగా, ఇంట తెలుగు మాటలాడెడి పిల్లలు వరుసలు తీరి, కుడిచేయి చాచి, దేశమును గూర్చిన ప్రతిజ్ఞను మరాఠీలో ఏకకంఠముగా పలుకుదురు. ఆ వరుసలోని యొక బాలుని దాని కర్త యెవరని యడిగితిని. అది ప్రతి పాఠ్యపుస్తకమునకును మొదట నుండునని వాడు చెప్పెను గాని, వ్రాసినవాడొక డుండవలెనన్న తలంపే వానికి కొత్తగా తోచినట్లుండెను. దానిని తొలుత వ్రాసినది తెలుగుననియు, వ్రాసినవాడు ఒక ఖజానా అధికారి యనియు చెప్పగా వాడు నమ్మీ నమ్మని చూపు చూచెను.

దేశపు ద్రవ్యముపై దైవచిహ్న ముండదగునా, దేశభక్తిప్రతిజ్ఞలో దైవనామము పలుకదగునా అనెడి రెండు ప్రశ్నలును నిజమునకు ఒక్కటే ప్రశ్న. రూపాయియు ప్రతిజ్ఞయు రెండును రాజ్యము తన ప్రజలందఱి చేతులయందును నోళ్లయందును ఉంచెడి వస్తువులు. ఇష్టము లేదని రూపాయిని పుచ్చుకొననివాడు బ్రదుకలేడు; ఇష్టము లేదని ప్రతిజ్ఞ పలుకని పిల్లవాడు బడిలో ఒంటివాడగును. దేవుని పేరు లేని రాజ్యము ధర్మము తప్పునని ఒక పక్షము భయపడుచుండగా, దేవుని పేరు ఎక్కిన రాజ్యము ఆ దేవుని కొలువనివానిని పరాయివానిగా చూచునని రెండవ పక్షము భయపడుచున్నది. ఈ రెండు భయములును ఊరక పుట్టినవి కావు కనుక, చరిత్రము, శాసనము, న్యాయస్థానము అను మూడింటిని వరుసగా పరికించి చూడవలసి యున్నది.

మన నాణెములపై దేవతలు క్రొత్తగా ఎక్కినవారు కారు. తెలుగువాడు పొన్నునకు పెట్టుకొన్న 'వరాహ' అను పేరే వరాహలాంఛనమునుండి వచ్చినది. కృష్ణరాయలు ఉదయగిరిని జయించి అచటి బాలకృష్ణవిగ్రహమును రాజధానికి తెచ్చినపిమ్మట బాలకృష్ణుడు ఆయన బంగారునాణెములపై వెలసెను. తరువాతి రాయల కాలమున వేంకటేశ్వరుడును వెలసెను. ఇంతవరకు ఇది భక్తియే యనుకొనవచ్చును. కాని చెన్నపట్టణమున ఆంగ్ల కుంపిణీవారు కొట్టించిన 'మూడుస్వాముల' పగోడాపై శ్రీదేవీభూదేవీసహితుడై ఆ వేంకటేశ్వరుడే నిలిచియుండుట చూచినపుడు, దొరలకు తిరుమలేశునిపై భక్తి కుదిరినదని ఎవ్వరును అనజాలరు. బట్టలు కొనుటకై తీరమునకు వచ్చినవారికి, ఆ తీరపు వర్తకుడును నేతగాడును ఏ ముద్రను నమ్మి పైకము పుచ్చుకొందురో ఆ ముద్రయే కావలసివచ్చెను.

ఉత్తరాపథమునందును ఇట్టిదే కథ. గజనీ మహమూదు 1027, 1028 ప్రాంతమున లాహోరున వేయించిన వెండినాణెములపై ఇస్లాము విశ్వాసవాక్యము సంస్కృతములోనికి మార్చబడి స్థానిక ప్రజలకు చదువనగునట్లు చెక్కబడినది. మహమ్మదు ఘోరీ పేరిట వెలువడిన బంగారునాణెములపై ఆసీనయైన లక్ష్మి యథాపూర్వముగా కొనసాగినది. అక్బరు తన పాలనాంతమున, 1604, 1605 ప్రాంతమున, సీతారాముల రూపముతో నాగరిలిపిలో వారి పేరుతో కొన్ని నాణెములు వెలువరించెను. వీనిలో అక్బరు చేతను ఔదార్యమనియు, ఘోరీ చేతను వ్యవహారజ్ఞానమనియు, మహమూదు చేతను మతప్రచారమనియు వేరువేరుగా పేర్లు పెట్టవచ్చును గాని, మూటియందును సమానమైన సంగతి ఒకటి కలదు: నాణెముపై దేవుని నిలుపువాడు పూజారి కాడు, రాజు. నిలుపుటకు కారణము గుడిలో వెదకిన దొరకదు, బజారులో దొరకును.

ఈ షోలాపురపు పద్మశాలీలలో పెక్కుమంది పూర్వులు విడిచివచ్చిన తెలంగాణములో చెల్లినది నిజాముగారి హాలీ సిక్కా. దానిపై చార్మినారు ముద్ర యుండెడిది. చార్మినారు పై అంతస్తున మసీదు కలదని తెలిసియు, మార్కండేయుని వంశమువారమని చెప్పుకొను ఈ కులమువారు ఆ సిక్కాలనే మార్కండేయుని హుండీలో వేసిరి. ముద్ర విషయమున ప్రజ అన్నివేళల ఇట్లు ఉదారముగా ఉండునని మాత్రము చెప్పరాదు. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి పేరిట వెలువడిన రూపాయిపై, ఆయన ఉత్తరీయమునందలి ఏనుగుబొమ్మ తొండము పొట్టిదై పందివలె కనబడుచున్నదని ముస్లిముల మనస్సులు నొచ్చుటచేత, మఱుసటి యేడు ఆ బొమ్మను దిద్ది క్రొత్త అచ్చు వేయవలసివచ్చెను. సుమారు శతాబ్దము గడచిన పిమ్మట, 2006 ప్రాంతమున వెలువడిన రెండు రూపాయల బిళ్లపై, భిన్నత్వమున ఏకత్వమును సూచించుటకై గీచిన అడ్డుగీతలు క్రైస్తవుల శిలువయని కొందఱు వాదమునకు దిగిరి. చెక్కినవాడు తలపెట్టని దేవుడు చూచినవాని కంటికి కనబడుచునే యుండును. మతచిహ్నము లేని నాణెమును చేయుట టంకశాలచేత సంపూర్ణముగా కాదని ఈ రెండు ఉదంతములును చెప్పుచున్నవి.

గణతంత్రరాజ్యము ఏర్పడిన 1950 జనవరి 26వ తేదీన రాజ్యచిహ్నముగా స్వీకరింపబడినది సారనాథమునందలి అశోకుని సింహశీర్షము, అది బౌద్ధము. దానిక్రింద చేర్చిన 'సత్యమేవ జయతే' అను వాక్యము ముండకోపనిషత్తునుండి గ్రహింపబడినది; అది వైదికము. అయినను ఆ సింహముల ద్వారా బుద్ధుని, ఆ వాక్యముద్వారా బ్రహ్మమును పూజింపుడని రాజ్యము ఎవ్వనిని కోరలేదు. దేశము తన ప్రాచీనసంపదనుండి రెండు నగలు తీసి ధరించినది, అంతియే. నోట్ల వెనుకప్రక్క శిల్పములును ఇదే పద్ధతిలో వచ్చినవి. 1954నాటి వేయిరూపాయల నోటుపై తంజావూరు బృహదీశ్వరాలయము నిలిచినది. నేటి వరుసలో పదిపై కోణార్కము, ఇరువదిపై ఎల్లోరా, ఏబదిపై హంపీ, రెండువందలపై సాంచీస్తూపము, ఐదువందలపై ఎఱ్ఱకోట కలవు. ఎల్లోరాలో బౌద్ధ జైన శైవ గుహలు మూడును ఒక్క కొండలోనే యున్నవి కనుక, ఆ ఇరువదిరూపాయల నోటు తక్కిన వానికన్న ఒక విధమున నిష్పక్షపాతమైనదని చెప్పవచ్చును.

స్మారకనాణెములతో తగవు హెచ్చినది. మహావీరుడు, జ్ఞానేశ్వరుడు, తుకారాము, కేరళదేశపు సన్యాసిని అల్ఫోన్సా మున్నగువారి పేరిట వేర్వేరు సంవత్సరములయందు నాణెములు వెలువడినపుడు అంతగా అలజడి లేదు. బృహదీశ్వరాలయసహస్రాబ్దికిని, వైష్ణోదేవీ ఆలయమండలి రజతోత్సవమునకును వెలువడిన నాణెములు లౌకికతకు విరుద్ధమని ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున అభియోగము నడువగా, ఒక సందర్భమును స్మరించుట ఒక మతమును పోషించుట కాదని 2018 జనవరిలో న్యాయస్థానము దానిని త్రోసివేసినది. దానికి ప్రతిగా, నోట్లపై లక్ష్మీగణేశుల బొమ్మలు ముద్రింపవలెనని 2022 అక్టోబరులో అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ కోరినపుడు, ముస్లిములే అధికముగాగల ఇండొనీషియాలో నోటుపై గణేశుడు కలడని దృష్టాంతము చూపబడినది. ఆ దృష్టాంతము సగమే సరియైనది. 1998లో అచట వెలువడిన ఇరువదివేల రూపయ్యా నోటుపై గణేశుడు విద్యాచిహ్నముగా, విద్యావేత్తయగు కి హజర్ దేవంతర ప్రక్కన కూర్చున్నాడు. 2008 చివరకు ఆ నోటు చెలామణినుండి తప్పుకొన్నది. 2025 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రీయ స్వయంసేవక సంఘ శతాబ్దికై వెలువడిన నూరురూపాయల నాణెముపై సింహసహితయైన భరతమాత రూపము నిలిచినది. అది దేశమునకు రూపకమా, దేవతకు విగ్రహమా అను చర్చ అప్పుడు మరల రేగినది.

ఈ చర్చకు మూలము నాణెమున లేదు, 'తల్లి' అను మాటలో ఉన్నది. నేలను తల్లియనుట వేరు, తల్లిని దేవతయనుట వేరు, దేవతను అందఱును మ్రొక్కవలసినదనుట వేరు. ఒక మెట్టునుండి వేఱొక మెట్టునకు కాలు తెలియకుండ జారును. 'వందేమాతరము' విషయమున 1937లో కాంగ్రెసు కార్యవర్గము మొదటి రెండు చరణములనే సభలయందు పాడుటకు నిశ్చయించినది, తరువాతి చరణములలో తల్లి దుర్గగా మారుటచేతనే. 1950 జనవరి 24వ తేదీన రాజేంద్రప్రసాదు రాజ్యాంగసభయందు 'జనగణమన'ను జాతీయగీతముగా ప్రకటించి, 'వందేమాతరము'నకు సమానగౌరవము ఉండునని చెప్పెను. ఆ జాతీయగీతమునకు రవీంద్రుడు 1919లో మన మదనపల్లెయందే ఆంగ్లానువాదము చేసెను. అందు సంబోధింపబడిన భాగ్యవిధాత దేవుడే. అయితే ఆయనకు పేరు లేదు, గుడి లేదు, విగ్రహము లేదు. కనుక ఎవ్వరి నోటికిని ఆయన అడ్డు తగులడు.

రాజ్యాంగసభలో దేవుని ప్రసక్తి నేరుగానే వచ్చినది. 1949 అక్టోబరు 17వ తేదీన పీఠిక చర్చకు వచ్చినపుడు, దానిని 'దేవుని పేరిట' అని మొదలిడవలెనని హెచ్. వి. కామత్ సవరణ ప్రతిపాదించెను. దేవుని వోట్లకు పెట్టవలదని పూర్ణిమా బెనర్జీ ఆయనను బ్రతిమాలెను. ఆయన వినలేదు. అనుకూలముగా 41, ప్రతికూలముగా 68 వచ్చి సవరణ వీగిపోయెను. ప్రతికూలముగా చేయెత్తినవారిలో నాస్తికులకన్న ఆస్తికులే యెక్కువగా ఉండియుందురని ఆనాటి సభ్యుల వరుస నెఱిగినవారెవ్వరైనను ఊహింపగలరు; విశ్వాసమనునది వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినదని, దానిని జాతి యంతటి నోట పెట్టుట ఆ స్వేచ్ఛకే భంగమని వాదించినవారు ఆ సభలో ఉండిరి. అదే సభ, పదవీప్రమాణముల పట్టికయగు మూడవ షెడ్యూలునందు, దేవుని పేరిట ప్రమాణము చేయువానికొక వాక్యమును, నిష్ఠాపూర్వకముగా ప్రతినబూనువానికొక వాక్యమును ప్రక్కప్రక్కన ఉంచినది. పీఠికలో జాతి యంతయు ఒక్కనోట మాటలాడును కనుక అక్కడ దేవుని పేరు లేదు. ప్రమాణము ఒక్కొక్కడు తన నోట చేయును కనుక అక్కడ దేవుని పేరు అతని యిష్టము. ఈ ప్రశ్నపై మన దేశమున వెలువడిన తీర్పులలో ఇంత సూక్ష్మమైనది మఱియొకటి లేదని నా అభిప్రాయము.

ఇక బడిపిల్లలు పలుకు ఆ ప్రతిజ్ఞకు కర్తయైన పైడిమఱ్ఱి వెంకట సుబ్బారావు నల్లగొండ జిల్లా అన్నెపర్తివాడు. 1962లో, చైనా యుద్ధపు దినములలో, విశాఖపట్టణమున జిల్లా ఖజానా అధికారిగా నుండగా ఆ ప్రతిజ్ఞను తెలుగున వ్రాసి విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథము గారికి చూపెను. ఆయన దానిని అప్పటి విద్యామంత్రి పి. వి. జి. రాజు గారికి అందజేసెను. 1963లో విశాఖలోని పాఠశాలలో మొదలై, 1964లో కేంద్ర విద్యామంత్రి ఛాగ్లా అధ్యక్షతను జరిగిన కేంద్ర విద్యాసలహామండలి సమావేశము మీదుగా, 1965 జనవరి 26నుండి దేశమందలి పాఠశాలలకెల్ల వ్యాపించినది. పాఠ్యపుస్తకములలో చిరకాలము కర్త పేరు లేదు. ప్రతిదినము రూపాయల లెక్కలు చూచిన ఆ మనుష్యుడు 'కాలభైరవుడు' అను నవల వ్రాసినవాడు. దైవము ఆయన ఊహకు దూరము కాదు. ఆయన ప్రతిజ్ఞలో మాత్రము దేవుడు లేడు. తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు, తోడి పౌరులు కలరు. దేవునికి సమర్పింపవలసిన భక్తి అందు దేశమునకును ప్రజలకును సమర్పింపబడినది. తెలుగులో దానికి 'సేవానిరతి' అని, మరాఠీలో 'నిష్ఠ' అని పేర్లు. తెలుగు మూలమున దేశము 'మాతృభూమి'. షోలాపురపు పిల్లలు పలుకు మరాఠీలో అది 'దేశ్' మాత్రమే. తల్లి యను మాట భాష మారుటలో రాలిపోయినను ప్రతిజ్ఞకు కొఱత కలుగలేదు.

మన తెలుగుపిల్లలు లక్షలాదిగా పెరుగుచున్న అమెరికాలో నాణెమును ప్రతిజ్ఞయు రెండును వేఱుత్రోవ పట్టినవి. అచటి పతాకప్రతిజ్ఞను 1892లో వ్రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ క్రైస్తవమతాచార్యుడై యుండియు దేవుని పేరు అందు చేర్చలేదు. చేర్చినది అరువదిరెండేండ్ల పిమ్మట, సోవియటు నాస్తికతతో పోరు ముదిరిన దినములలో, 1954 జూన్ 14వ తేదీన ఐసెన్‌హోవరు సంతకము. నాణెముపై దైవవిశ్వాసమును చాటు వాక్యము అంతర్యుద్ధకాలమున, 1864లో, రెండు సెంట్ల బిళ్లపై మొదట ఎక్కినది. నాణెమున దైవనామము భక్తి గాక అపచారమని తలచిన అధ్యక్షుడు థియొడోరు రూజ్‌వెల్టు 1907లో క్రొత్త బంగారునాణెములనుండి దానిని తొలగింపగా, కాంగ్రెసు మఱుసటి యేడే మరల ఎక్కించినది. 1955లో అన్ని నాణెములకు, నోట్లకు అది విధిగా చేయబడి, 1956లో జాతీయసూక్తి యైనది. రెండుమార్లును దేవుడు యుద్ధభయము వెంట వచ్చెను. 1962లో మన దేశమునను యుద్ధభయమే ప్రతిజ్ఞను వ్రాయించినది. దేవుని మాత్రము రప్పింపలేదు.

పలుకనివాని మాట యేమి? అమెరికా సుప్రీంకోర్టు 1943 జూన్ 14వ తేదీననే, అనగా దైవపదము చేరుటకు సరిగా పదునొకండేండ్ల ముందు, పతాకవందనమునకు ఏ పిల్లవానిని నిర్బంధింపరాదని తీర్పు చెప్పియుండెను. మన దేశమున ఆ ప్రశ్న కేరళనుండి వచ్చినది. యెహోవాసాక్షులను శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతసమయమున మర్యాదగా నిలుచుచు, పాడక యుండిరని 1985లో బడినుండి తొలగింపబడిరి. 1986 ఆగస్టు 11వ తేదీన సుప్రీంకోర్టున తీర్పు వ్రాసినవారు తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారు. నిలుచుటయే గౌరవము, పాడకపోవుట అవమానము కాదు, పాడి తీరవలెనని చెప్పు శాసనము లేదు, మన సంప్రదాయము నేర్పిన సహనమును పలుచన చేసికొనరాదు అని వారి తీర్పు సారాంశము. ఈ మహారాష్ట్రమునందే, బడిప్రార్థనవేళ చేతులు కట్టి నిలువని యొక నాసిక్ ఉపాధ్యాయుని నిర్బంధింపరాదని 2013లో బొంబాయి ఉన్నతన్యాయస్థానము చెప్పినది.

షోలాపురమునకు ఈ పాఠము తీర్పులనుండి రానక్కరలేదు. 1930 మే నెలలో ఈ ఊర సైనికశాసనము విధింపబడినది. దాని వెనుక నడచిన విచారణఫలితముగా 1931 జనవరి 12వ తేదీన యెరవాడలో ఉరితీయబడిన నలుగురు మల్లప్ప ధన్‌శెట్టి, ఖుర్బాన్ హుసేను, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సార్డా. వారి విగ్రహములు నేడు ఊరినడుమ నాలుగు రస్తాల కూడలిలో ఒక్క పీఠముపై నున్నవి. నలుగురును ఏయే దేవుని తలచుకొని ఉరికంబ మెక్కిరో వారి వారికే తెలియును; పీఠముపై చెక్కినవి వారి పేర్లు. ఈ ఊరనే ఏటేట నారళీపూర్ణిమకు మార్కండేయుని రథము కదలిన దినమున ఊరంతయు తెలుగున మ్రోగును; ఆ రథమును రాజ్యము లాగదు, ఆపదు.

ఇంతవరకు చూచినదానిని కూడబెట్టిన తేలునది ఇది. గతమునుండి వచ్చిన శిల్పమును, వాక్యమును రాజ్యము ధరింపవచ్చును. చూచువాడు అందు తన దేవుని చూచుకొనిన ఆక్షేపణ లేదు. పేరుపెట్టి ఒక దేవుని ముద్రించుటయు, పలుకుమని నిర్బంధించుటయు మాత్రము రాజ్యము పని కాదు; అది చేసిన కాలములలో చేయించినది భక్తి కాదు, బజారో యుద్ధమో. దేవుడు లేని రూపాయి ధర్మము తప్పునేమో యన్నవారి భయమునకు సమాధానము ఈ పేటలయందే కలదు: రాజ్యము వదలిన ఖాళీలో ఇంటింటను కుంకుమ పడుచునే యున్నది.

ఆ సాయంకాలము ముసలాయనను అడిగితిని: "తాతా, నోటుమీద లచ్చిమీదేవి బొమ్మ వేయుమని కొందఱు అడుగుచున్నారు. వేసిన బాగుండునా?"

ఆయన కొంతసేపు ఆలోచించెను. "రూపాయి దేవుని కాడికి పోతది సారూ, హుండీల పడతది, మంచిదే. దేవుడే రూపాయి మీదికెక్కితే ఎట్ల? గిప్పుడు పగారైంది గద, సగంమంది కల్లుదుకాణానికి పోతరు. లచ్చిమీదేవిని గూడ ఆడికి తోల్కపోవాలెనా?"

అరుగుపైనున్న పనివాండ్రందఱును నవ్విరి. ఆయన మాత్రము నవ్వక, నోట్లన్నిటిని మడచి కండువాకొంగున ముడివేసి, కుంకుమ అంటిన ఏబదిరూపాయల నోటును విడిగా తీసి, చొక్కా లోపలిజేబులో పెట్టుకొనెను.